నాలుగో నంబరు మగవాడు

ఫిబ్రవరి 3

చెల్లీ,

ఫోను చేస్తే నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను. మూడేళ్ళుగా అదే తంతు. కాగితమైతే అరిచినా వినబడదు కాబట్టి రాస్తున్నాను.

బట్టలు తొడిగి నిలబెట్టే మీ కంపెనీ బొమ్మ ఒకటి మా దర్జీ షాపుకి వచ్చింది. ఏజెంటు తెచ్చిన పుస్తకం తిరగేస్తూ నాలుగో నంబరు దగ్గర ఆగిపోయాను. నువ్వు పనిచేసే చోట తయారైందని కొన్నాక తెలిసింది, ముందే తెలిస్తే కొనేవాణ్ణి కాదేమో. పాత బొమ్మలు దిండుకి చొక్కా తొడిగినట్టుండేవి. దీని నిలకడే వేరు. ఛాతీ విరుచుకోదు, కండలు చూపించదు, ఊరికే నిలబడుతుంది. అయినా ‘ఎవడొస్తాడో రండిరా’ అన్నట్టుంటుంది. కోటు తొడిగి అద్దం వెనక పెట్టాను. షాపుకొచ్చిన ప్రతి కుర్రాడికీ అదే చూపిస్తున్నాను: "ముందు అలా నిలబడటం నేర్చుకోరా, కోటు తరువాత కుట్టించుకుందువుగాని." మగవాడంటే అలా ఉండాలి. "కట్టుకున్నదాన్ని కూడా అంతసేపు చూడలేదు మీరు" అని మీ వదిన దెప్పుతోంది.

ఇంకో మాట. దారాలూ గుండీలూ అమ్మే ఆయన తమ్ముడు నీ గురించి అడిగాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. "జుట్టు పెంచుకుంటే చాలు, మిగతాది నేను సర్దుకుంటా" అన్నాడు. మంచివాడు. నీకు ఇరవై ఆరొచ్చాయి. వీధిలో ఇప్పటికీ ‘మీ మగరాయుడు ఎలా ఉంది’ అనే అడుగుతున్నారు. జుట్టు పెరిగాక రా. అంతవరకూ రావద్దు.

నిన్ను పెంచిన పాపానికి,
నీ అన్న

ఫిబ్రవరి 17

అన్నయ్యా,

గుండీలాయన తమ్ముడు ఏం సర్దుకుంటాడు? నేనేమైనా పొడుగు ఎక్కువైన ప్యాంటునా, కింద మడిచి కుట్టుకోవడానికి? నాకు ఇక్కడ తోడుంది, ఆ సంగతి ఆయనకి చెప్పు. రంగుల పంతులమ్మ నాతోనే ఉంటుంది. పగలు బడిలో పిల్లలకి బొమ్మలు వేయడం నేర్పుతుంది, సాయంత్రం మా యూనియన్ గదిలో పనివాళ్ళకి ఊరికే నేర్పుతుంది. పుస్తకాల్లోంచి పెద్ద పెద్ద మాటలు తెచ్చి చెబుతుంది. సగం అర్థం కావు. అర్థమైన సగంతో పోట్లాడతాను.

నా పని అడగవు, అయినా చెబుతా. రేకుల షెడ్డు. ఒక పక్క కాళ్ళు, ఒక పక్క మొండేలు, మేకులకి వేలాడే చేతులు. అచ్చులోంచి తీసిన ఫైబర్ బొమ్మకి అతుకు కనబడకుండా ఉప్పుకాగితంతో రుద్దడం నా డ్యూటీ. ఆ పొడి ఒంట్లో దిగితే స్నానం చేసినా దురద పోదు. మగ బొమ్మలకి దవడ రుద్దకూడదు, ఆడ బొమ్మలకి బాగా రుద్దాలి. అంతే తేడా, నమ్ము. దవడ దగ్గర రెండు కాగితాల పని.

నీ మగవాడు బాగున్నాడన్నావు. ఆ ముక్క నాలుగుసార్లు చదివాను.

ఇప్పుడు నాకో సాయం చెయ్యి. మూడేళ్ళలో నిన్నేమీ అడగలేదు. నాలుగో నంబరు కొలతకి నాలుగు జతలు కావాలి: ఒక గార్డు కోటు, ఒక ఆఫీసరు సూటు, ఒక నర్సు దుస్తులు, ఒక పొడుగు గౌను. ఆగస్టులో ఇక్కడ ఒక హాల్లో బొమ్మలు పెడుతున్నాను. నా పేరు మీద. జీవితంలో మొదటిసారి నేను చేసిన దాని కింద నా పేరుంటుంది. వాటి మీద నీ కుట్టే ఉండాలి. ఎందుకని ఇప్పుడే అడక్కు.

ఒళ్ళంతా పొడితో,
నీ చెల్లి

మార్చి 24

చెల్లీ,

నిన్ను పైకి తెస్తున్నారంటే నాకు సంతోషం కాదా? కంపెనీ అమ్మకాల హాల్లో నీ పేరు పెడుతున్నారంటే నీ పని ఎవడో గుర్తించినట్టే. ఇదేదో ముందే చెప్పొచ్చు కదా, అన్నీ గొణుగుళ్ళే.

నాలుగూ కుట్టాను. పార్శిలు వేశాను. గార్డు కోటు, సూటు చూసి నువ్వే అంటావు. ఆ గౌనే నా ప్రాణం తీసింది. మగ బొమ్మ కొలతకి గౌను ఏమిటే? ఇంత భుజం ఉన్న ఆడది లోకంలో ఎక్కడుంది? కొత్తగా ఆడ బొమ్మ చేస్తూ పాత మొండెమే వాడుకుంటున్నారా, పొదుపా? సరే, మా నాలుగో నంబరుకే తొడిగి సరిచూశాను. షాపు తలుపు మూసుకుని మరీ. మీ వదిన చూసి, "చక్కగా ఉంది, ఈ పిల్లని మీ తమ్ముడికి చేసుకుందామా" అంది. నాకు తమ్ముడు లేడు కాబట్టి సరిపోయింది.

ఆ పంతులమ్మ నీతో గదిలో ఉండటం మంచిదే. ఒంటరిగా ఉండకూడదు. ఆవిడకి పెళ్ళి కుదిరితే నీకు గది ఖాళీ అవుతుంది, ఆ సంగతి కూడా ఆలోచించుకో.

నాకూ పెద్ద పని తగిలింది. సెక్యూరిటీ గార్డుల కంపెనీకి ముప్పై కోట్లు కుట్టివ్వాలి. ముప్పై మందిని నిలబెట్టి కొలిస్తే నెల పడుతుంది. మేనేజరు ఛాతీ, పొడుగు, చేతులు రాసిచ్చాడు. భుజం మాత్రం నాలుగో నంబరు మీద కాగితం పెట్టి గీసి, అదే అందరికీ కోశాను. కొంచెం అటూ ఇటూ మగాడి భుజం మగాడి భుజమే కదా.

పని ఎక్కువై ఇంతే రాస్తున్న,
అన్న

ఏప్రిల్ 28

చెల్లీ,

మీ కంపెనీవాళ్ళు దొంగలు. వెళ్ళి నా మాటగా చెప్పు.

ముప్పై కోట్లూ వెనక్కి వచ్చాయి. ఎవడు తొడిగినా ఎడమ భుజం దగ్గర ముడత. కుడి పక్క అద్దంలా కూర్చుంటుంది, ఎడమ పక్క పిండిన గుడ్డ. మేనేజరు నా బల్ల మీద కోట్లు విసిరి, "ఏం మాస్టారూ, మా వాళ్ళంతా బరువు మోసి ఒరిగిపోయినవాళ్ళనుకున్నారా" అన్నాడు. నాలుగైదు కోట్లు చూసేదాకా నా చేతి తప్పే అనుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా కత్తెర పట్టినవాణ్ణి. అప్పుడు బొమ్మని బట్టలు లేకుండా నిలబెట్టి టేపు పెట్టాను. ఎడమ భుజం అరంగుళం కిందికుంది. మెడ దగ్గర ఎముక చోట చిన్న గుబ్బ కూడా ఉంది.

ఎవడో అవిటివాడి మీద అచ్చు తీసి మగవాడని అమ్ముతారా? ఇప్పుడు ముప్పైకీ భుజాలు విప్పి ఎడమ పక్క మెత్త పెట్టి కుడుతున్నాను. వేళ్ళు వాచాయి.

ఆ అవిటివాడెవడో కనుక్కుని రాయి.

అన్న

మే 4

అన్నయ్యా,

కనుక్కున్నాను. నేనే.

కూర్చుని చదువు. పక్కన వదిన ఉంటే పంపించెయ్, లేదా ఉండనీ, ఆవిడకి సగం తెలుసు.

నాలుగో నంబరుకి జిమ్ముకెళ్ళే కుర్రాణ్ణి తెచ్చారు. ప్లాస్టర్ ఒంటి మీద గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. వాడు "అమ్మో కాలిపోతున్నా" అని సగంలో లేచి, ప్లాస్టర్ ముక్కలు రాల్చుకుంటూ గేటు దాటి పారిపోయాడు. అవతల షాపులవాళ్ళు తొందరపెడుతున్నారు. మేస్త్రీ అటూ ఇటూ చూసి, "మన మగరాయుడు ఉందిగా" అన్నాడు. అక్కడా అదే పేరు నాకు, ఎవరూ చెప్పకుండానే పెట్టారు. గుడ్డలు బిగించి కట్టి, ముందో నలభై నిమిషాలు, వెనకో నలభై నిమిషాలు నిలబెట్టారు. నేను కదల్లేదు. నిన్ను చూసి నేర్చుకున్నదే ఆ కదలకపోవడం. తరువాత ఆ అచ్చులోంచి వచ్చిన ప్లాస్టర్ మొండేనికి ఛాతీ చదును చెయ్యమని ఆకురాయి నా చేతికే ఇచ్చారు. నా రొమ్ముల్ని నేనే అరగదీశాను అన్నయ్యా. మధ్యాహ్నం దాకా పట్టింది.

భుజం మాత్రం వాళ్ళు చూసుకోలేదు. నువ్వూ చూసుకోలేదు. నాకు పదిహేనేళ్ళప్పుడు నీ కత్తెరతో జుట్టు కోసుకుని, నీ ప్యాంటు తొడుక్కుని వీధిలోకి వెళ్ళాను. నువ్వు బట్టలు కొలిచే బద్దతో కొట్టావు. మెడ దగ్గర భుజం ఎముక విరిగింది. వదిన పాత గుడ్డతో చెయ్యి మెడకి కట్టింది. ఆసుపత్రికి తీసుకెళ్తే ఏం జరిగిందని అడుగుతారని తీసుకెళ్ళలేదు. అది వంకరగా అతుక్కుంది. నువ్వు గీసిన కాగితం దానిదే.

ఆగస్టు 9న హాల్లో ఐదు బొమ్మలు నిలబెడుతున్నాను. కంపెనీ అమ్మకం కాదు. నాది. షెడ్డు వెనక పారేసిన ముక్కలతో అతికినవి, ఐదూ ఒకే ఒళ్ళు. నాలుగింటికి నీ బట్టలు. ఐదోది అరగదీయక ముందుది, దానికి బట్టల్లేవు. చూసినవాళ్ళు ఎవణ్ణి మగాడంటారో ఎవర్ని ఆడదంటారో అని, అంతే. పంతులమ్మ దీనికి పొడుగాటి పేరు పెట్టింది. నేను కొట్టేసి ‘నాలుగో నంబరు’ అని రాశాను.

పంతులమ్మకి పెళ్ళి కుదరదు. కుదిరిపోయింది, నాతో. గది గురించి కాదు నేను రాసింది, మేమిద్దరం జంట. ఇంకా విడమరిచి చెప్పాలా?

రా. వచ్చి చూడు. నువ్వు రావాలనే ఇదంతా. లేదంటే బట్టలు వెనక్కి పంపమని రాయి, పంపేస్తాను.

చెల్లి

జూన్ 30

అన్నయ్యా,

రెండు నెలలకి నాలుగు రోజులు తక్కువ. ఒక్క ముక్క లేదు.

ఇక్కడి సంగతి విను. ఆహ్వానం కాగితం ఓనరుకి చేరింది. ఆఫీసులోకి పిలిచాడు. "నాలుగో నంబరు ఆడదని తెలిస్తే ఏ షాపువాడు కొంటాడే?" అన్నాడు. "ఇన్నాళ్ళూ కొన్నారుగా" అన్నాను. "అది తెలియక." "తెలియక బాగున్నది తెలిస్తే ఎందుకు చెడుతుంది?" అన్నాను. గేటు చూపించాడు. ఏడేళ్ళుగా నాతో పనిచేసిన మేస్త్రీ కూడా నోరు విప్పలేదు. యూనియన్ వాళ్ళు కూడా, "పని విషయమైతే పోరాడతాం గానీ, ఇది నీ సొంత గొడవ కదమ్మా" అన్నారు. నా ఒళ్ళు వాళ్ళ సరుకు, దాని మీద మాట మాత్రం నా సొంత గొడవ!

బట్టలు పంపమని నువ్వు రాయలేదు కాబట్టి అవి బొమ్మల మీదే ఉంటాయి.

పని పోయిన,
చెల్లి

ఆగస్టు 13

అన్నయ్యా,

వచ్చావు. పలకరించకుండా వెళ్ళిపోయావు కాబట్టి ఉత్తరంలోనే మాట్లాడాలి.

తలుపు దగ్గర నిన్ను చూడగానే నా కాళ్ళు పదిహేనేళ్ళ పిల్ల కాళ్ళయ్యాయి. సుత్తి తెచ్చావేమోనని చేతులు చూశాను. సంచిలోంచి నువ్వు తీసింది చిన్న కత్తెర. ఎవర్నీ చూడకుండా గార్డు కోటు గుండీలు విప్పి, దాన్ని బొమ్మ మీంచి గీత పడకుండా తీసి, నేల మీద బాసింపట్టు వేసుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టావు. భుజం, చెయ్యి, లైనింగు. ముక్కలు పేర్చి పక్కన పెట్టావు. తరువాత సూటు. తరువాత నర్సు దుస్తులు. రెండు గంటలు. హాలంతా దారం తెగే చప్పుడే.

అప్పటిదాకా అక్కడ ఏం జరిగిందో నీకు తెలియదు. గార్డు కోటు బొమ్మ దగ్గరికొచ్చిన మగాళ్ళు రెండడుగుల దూరంలో నిలబడ్డారు. గౌను బొమ్మ నడుం మీద చెయ్యి వేసి ఫొటోలు దిగారు. ఒకే ఒళ్ళు. గుడ్డ మారితే చేతులు మారాయి. ఐదో దాన్ని చూసి ఒకాయన, "పాపం, అచ్చు పాడైనట్టుంది" అన్నాడు.

నువ్వు కుట్లు విప్పుతుంటే జనం అది కూడా ప్రదర్శనే అనుకున్నారు. చుట్టూ కూర్చున్నారు. ఆపుదామని నేను లేస్తే పంతులమ్మ చెయ్యి పట్టుకుని, "వద్దు, ఇంతకంటే బాగా మనం చెయ్యలేం" అంది. ఆ మాటకి ఆవిడ మీద ఒళ్ళు మండింది. కానీ కూర్చున్నాను. చివర గౌను విప్పి నువ్వు లేచేసరికి చప్పట్లు కొట్టారు. నీ ముఖం నేను చూశాను. వాళ్ళు చూడలేదు.

పేపరాయన "ఎవరాయన" అని అడిగాడు. "మా అన్నయ్య, దర్జీ. ఇది మేమిద్దరం కలిసి చేసిన పని" అన్నాను. ఎందుకన్నానో నన్నడక్కు. నా పని పాడుచెయ్యడానికి వచ్చినవాణ్ణి నా పనిలో కలిపేసుకున్నాననే సంతోషం. ఆ ఊపులోనే, "మా ఊళ్ళో ముప్పై మంది గార్డులు నా భుజం తొడుక్కుని తిరుగుతున్నారు" అని నవ్వాను. అదే పెద్దక్షరాల్లో వేశారు, నీ ఫొటోతో. పేపరు కటింగు దీంతో పంపుతున్నాను. ఫొటోలో బాగా పడ్డావు.

గెలిచానో ఓడానో తెలియని,
చెల్లి

ఆగస్టు 26

అమ్మాయ్,

ఇది మీ వదిన రాస్తున్నది. మీ అన్నయ్య పెన్ను పట్టుకోలేడు.

నీ ఉత్తరం రాకముందే ఆ పేపరు ఇక్కడికొచ్చింది. మొదటి రోజు నవ్వులాట. సందు మలుపులో కాపలా ఉండే గార్డుని పిల్లలు "అక్కా, గేటు తియ్యి" అన్నారట. కూరగాయలవాడు, "ఎడమ పక్క మెత్తగా ఉందటగా" అన్నాడట. మూడో రోజుకి గార్డులంతా కోట్లు తొడుక్కోవడం మానేశారు. నాలుగో రోజు మధ్యాహ్నం వాళ్ళలో ఆరుగురు షాపుకొచ్చారు.

జరిగింది జరిగినట్టు చెబుతాను, తీపి పూయను. ముందు బొమ్మని వీధిలోకి లాగారు. ఆయన అడ్డం వెళ్ళలేదు. చేతులు విరిచారు, అప్పుడూ చూస్తూ నిలబడ్డాడు. తరువాత ఒకడు దాన్ని గోడకి ఆనించి, ఛాతీ మీద చెయ్యి వేసి నీ గురించి ఒక మాటన్నాడు. ఆ మాట రాయను. అప్పుడు మీ అన్నయ్య వెళ్ళి వాడి చెయ్యి పట్టుకుని, "తియ్. అది మా చెల్లెలు" అన్నాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను, నా చెవులతో విన్నాను. ఇప్పుడు అడిగితే తను అలా అనలేదంటాడు.

అంతే. ఆయన్ని షాపులోకి ఈడ్చారు, బల్ల మీద కాలుతున్న ఇస్త్రీపెట్టె ఉంది. కుడి చెయ్యి. ఒత్తి పట్టుకున్నారు. తరువాత దాంతోనే వేళ్ళ మీద కొట్టారు. మూడు వేళ్ళు ఇంక వంగవని డాక్టరు చెప్పాడు. వీధిలో నలభై మంది ఉన్నారు అమ్మాయ్, మన దగ్గర బట్టలు కుట్టించుకోని ఇల్లు ఒక్కటి లేదు. ఒక్కడూ కదల్లేదు.

ఇప్పుడు మగవాళ్ళెవరూ మన షాపు మెట్లెక్కడం లేదు. కొలతలు తీయించుకోవడానికి సిగ్గట.

నీ మీద నాకు కోపం ఉందో లేదో తెలుసుకునే తీరిక దొరకలేదు. అప్పట్లో నీ చెయ్యి కట్టినట్టే ఇప్పుడు ఆయనది కడుతున్నాను. ఈసారి ఆసుపత్రికి తీసుకెళ్ళాను, అదొక్కటే తేడా.

వదిన

సెప్టెంబర్ 2

అన్నయ్యా,

ఇస్త్రీపెట్టె వాళ్ళు పెట్టారు. కాల్చింది నా నోరు. పేపరాయన ముందు ఆ ముప్పై మంది ఊసెత్తకపోతే నీ వేళ్ళు నీకుండేవి. నేను ఎగతాళి చేసింది వాళ్ళని కాదు, నిన్ను. అది వాళ్ళకి తగిలింది, వాళ్ళు నీకు తగిలించారు.

క్షమించమని అడగను. మన ఇంట్లో ఆ అలవాటు లేదు. పని మాట్లాడతాను.

హాలువాళ్ళు బొమ్మలు తీసెయ్యమన్నారు. యూనియన్ మెట్ల కింద గోనెపట్టా కప్పి పడుకోబెట్టాం. పంతులమ్మని బడిలో సంజాయిషీ అడిగారు. ఆవిడ రాసివ్వలేదు, మానేసింది. ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం. ఒకరి ముఖం ఒకరం చూసుకుంటే, ఆ చప్పట్లు నాకు వినబడుతున్నాయి, ఆవిడకీ వినబడుతున్నట్టుంది. దాని గురించి మాట్లాడుకోం.

నేను వస్తాను. నాకు కుట్టడం రాదు, కానీ చేతులున్నాయి, చెప్పింది చెప్పినట్టు కోస్తాను. నువ్వు కుర్చీలో కూర్చుని చెప్పు. కానీ ఇదే జుట్టుతో వస్తాను, ఇదే ప్యాంటుతో వస్తాను, షాపు ముందు గదిలో నిలబడి మగాళ్ళ కొలతలు నేనే తీస్తాను. లోపలి గదిలో కాజాలు కుడుతూ కూర్చోను. అది నీకు మింగుడుపడితేనే రమ్మని రాయి. వదిన చేత రాయించకు. ఎన్ని రోజులు పట్టినా నువ్వే రాయి.

కాచుకుని ఉన్న,
చెల్లి

సెప్టెంబర్ 22

చెల్లీ,

ఎడమ చెయ్యి. అక్షరానికి నిమిషం పడుతోంది. తిట్లకి ఓపిక లేదు.

రావద్దు.

ఇన్నాళ్ళూ సిగ్గేసి రావద్దన్నాను. ఇప్పుడు భయమేసి అంటున్నాను. వాళ్ళు రోజూ ఎదురుగా బండ్లు ఆపుకుని కూర్చుంటున్నారు. కొలతలు తీసే రోజు వస్తే నేనే రాస్తాను. వస్తుందని అనుకోను.

ఒకటి సరిదిద్దు. పేపర్లో కలిసి చేశామన్నావు. అబద్ధం. నేను నీ పని నాశనం చెయ్యడానికే రైలెక్కాను. అలాగే చెప్పు అందరికీ. చప్పట్లు కొట్టినవాళ్ళకి ముఖ్యంగా చెప్పు. నా కోపాన్ని బొమ్మ చెయ్యకు.

మిగతాది నీకొక్కదానికే. సూటు కోటు సగంలో ఉండగానే కోపం అయిపోయింది. నా కుట్టు నేనే పాడుచేస్తున్నానని తెలుస్తూనే ఉంది. లేచి నీ దగ్గరికి రావాలనిపించింది. గౌను దాకా మొత్తం విప్పాను. ఎందుకంటే అంతమంది చూస్తున్నారు.

అన్న